హోమ్‌లో ఉండే పిల్లోళ్ళ చదువుకి మనం నిజంగా ఎట్ల పనికొస్తాం? అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి

పెన్న_ఇసుక (అనంతపురం)

అందరికీ నమస్తే. నేను అనంతపురంలో ఒక ప్రైవేట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా టౌన్‌కి కొంచెం బయట, ఇంట్లో చూసుకునేవాళ్ళు లేని మగపిల్లోళ్ళ హోమ్ ఒకటి ఉండాది, 32 మంది, 6 ఏళ్ళోడి నుంచి 17 ఏళ్ళోడి దాకా, అందరూ పక్కనుండే గవర్నమెంట్ బడికే పోతారు. పోయిన సంవత్సరం నుంచి మా ఆఫీసులో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఆడికే పోయి భోజనాలు పెట్టిస్తాండాం. చికెన్, ఒక స్వీటు, కేక్ కోసి ఫోటోలు దిగి వచ్చేస్తాం. మంచి పనే చేస్తాండామని అనుకుంటా ఉంటిమి.

పోయిన నెల ఒక ఆదివారం భోజనం లేటయితే ఊరికే కూర్చోలేక ఎనిమిదో క్లాసు పిల్లోడు ఒకడు పక్కనుంటే సోషల్ పుస్తకం తెరిచి చదువు నాయనా అంటి. గడగడా చదివేసినాడు, ఎంత బాగా చదువుతాండాడో అని సంబరపడి వేలు చూసినా, వాని వేలు ఒక లైన్ మీద ఉండాది నోరు ఇంకో లైన్ చెప్తాండాది. బడిలో అందరూ కలిసి చదివేటప్పుడు విని విని కంఠతా పట్టేసినాడు అంతే. పక్క పేజీ తిప్పి ఇది చదువు అంటే "కళ్ళు మంటలక్కా" అని లేచి పోయినాడు. నాకు ఆ రోజు అన్నం దిగలేదు.

తర్వాత వారం నేనొక్కదాన్నే పోయి మెల్లగా ఒక్కొక్కరితో కూర్చుని చూసినా, 6 నుంచి 9 క్లాసుల వరకు 11 మంది ఉంటే 7 మంది నాలుగు లైన్ల పేరా కూడా కూడబలుక్కోకుండా చదవలేరు. కానీ నోట్సులు చూస్తే దస్తూరి ముత్యాల్లాగుంది, బోర్డు మీద ఉన్నది బొమ్మ గీసినట్టు గీసుకొస్తారు. వార్డెన్ సార్ మంచోడే, ఆయన ఒక్కడు 32 మందిని చూసుకోవాల, వంట సరుకులు, జ్వరాలు, ఆఫీసు రిజిస్టర్లు, ఇంక చదువు యాడ చూస్తాడు.

ఇప్పుడు నాకు తెలియాల్సింది ఏమంటే, నేను టీచర్ని కాదు, ఈ పిల్లోళ్ళకి చదవడం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాల? మా ఆఫీసు గ్రూపులో 40,000 రూపాయలు పోగయినాయి, ట్యాబ్‌లు కొనిద్దాం అంటాండారు కొందరు, అది కరెక్టేనా? ఇంకా పదో క్లాసులో ఇద్దరు ఉండారు, వాళ్ళు 18 నిండితే హోమ్ నుంచి పోవాల్సిందే అంట, పోయి ఏం చేస్తారు, ఎవరు చదివిస్తారు? వాళ్ళని అడిగితే "బెంగళూర్ పోతాం అక్కా" అంటారు, ఏం పనికి అంటే తెలియదు. తెలిసినోళ్ళు దయచేసి వివరంగా రాయండి.

పాత_పలక (ప్రొద్దుటూరు)

అమ్మా, నేను 34 ఏళ్ళు పల్లె బడుల్లో పనిచేసి హెడ్మాస్టర్‌గా రిటైర్ అయినవాణ్ణి. మీరు వేలు చూశారు చూడండి, అది చాలామంది టీచర్లు కూడా చూడరు. ఆ పిల్లోడు దొంగ కాదు, మొద్దు కాదు, ఎనిమిదేళ్ళు క్లాసులో పరువు కాపాడుకోవడానికి వాడు కనిపెట్టుకున్న దారి అది. వాణ్ణి అందరి ముందర ఎప్పుడూ చదవమనొద్దు.

ముందు ఎందుకిట్లయిందో తెలుసుకోండి. 2009 విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షన్ ప్రకారం బడి మొహం చూడని పిల్లోడైనా వయసుకి తగిన క్లాసులోనే చేర్చుకోవాలి. అది మంచి నిబంధన, 12 ఏళ్ళ వాణ్ణి ఒకటో క్లాసులో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే రెండు రోజుల్లో పారిపోతాడు. అయితే అదే సెక్షన్‌లో ఇంకో సగం ఉంది, మిగతా పిల్లలతో సమానంగా రావడానికి వానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని. చేర్చుకోవడం జరుగుతుంది, ఆ రెండో సగం చాలాచోట్ల జరగదు. హోమ్‌కి వచ్చే పిల్లలు మధ్యలో రెండేళ్ళు మూడేళ్ళు బడి లేకుండా తిరిగినవాళ్ళే ఎక్కువ, కాబట్టి అందరికన్నా ఎక్కువ దెబ్బ వీళ్ళకే.

పని ఎట్ల మొదలుపెట్టాలంటే క్లాసు సంగతి మర్చిపోండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు, పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతి ఉంది, చాలా సులువు, ఒక కాగితం చాలు. అక్షరాలు కొన్ని, చిన్న మాటలు కొన్ని, ఒకటో క్లాసు స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో క్లాసు స్థాయిలో చిన్న కథ. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి ఎక్కడ ఆగిపోతాడో చూసి రాసుకోండి. అక్షరం దగ్గర ఆగినవాళ్ళు ఒక జట్టు, మాటల దగ్గర ఆగినవాళ్ళు ఒక జట్టు, పేరా దగ్గర ఒక జట్టు. ఆరో క్లాసు వాడు తొమ్మిదో క్లాసు వాడు ఒకే జట్టులో పడినా ఫర్వాలేదు. మన తెలుగులో పిల్లలు పడిపోయే చోటు నాకు తెలిసి రెండే, ఒకటి గుణింతం, రెండోది ఒత్తులు. "అమ్మ" చదువుతాడు, "అగ్ని" దగ్గర నిలబడిపోతాడు. అక్షరాలన్నీ వచ్చు కదా అని వదిలేస్తాం, ఒత్తు రాకపోతే ఏ పాఠమూ చదవలేడు, మన పాఠాల్లో లైన్‌కి నాలుగు ఒత్తులు ఉంటాయి.

ఇంకొక చిట్కా, నేను చాలా ఏళ్ళు వాడాను. పిల్లలకి నోటికొచ్చిన ఆటవెలది పద్యాలు ఉంటాయి కదా, అవి పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి, పాడుతూ వేలు కదపమనండి, ఏ మాట దగ్గర నోరు ఉందో వేలు అక్కడే ఉండాలి. మీ ఎనిమిదో క్లాసు వాడు కంఠతా పట్టేవాడు కాబట్టి వానికి ఇదే సరైన మందు. నోటికొచ్చిన దాన్ని కంటితో పట్టుకోవడం అన్నమాట. మూడు వారాల్లో తేడా తెలుస్తుంది, నేను చూసినాను.

అడిగి తెలుసుకోవలసింది ఇంకోటి ఉంది, వాళ్ళ ఇంటి భాష. మడకశిర, రాయదుర్గం వైపు పిల్లలైతే ఇంట్లో కన్నడ, కదిరి కడప పిల్లలు కొందరికి ఉర్దూ, బెంగళూరులో కట్టడాల దగ్గర పెరిగినవాడైతే ఒకటి రెండు క్లాసులు కన్నడం బడిలో చదివి ఉంటాడు. వానికి కన్నడ అక్షరాలు వస్తే తెలుగు నేర్పడం నెల రోజుల పని, ఎవరూ అడగరు అంతే. ఇప్పుడు బడులన్నీ ఇంగ్లీషు మీడియం కదా అని భయపడొద్దు, పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు ఒక పక్క ఇంగ్లీషు ఉంటుంది, ముందు తెలుగు పేజీ చదవడం వస్తే పక్క పేజీ తర్వాత పట్టుకోవచ్చు.

బెంగళూరు_కడపోడు

మంచి టాపిక్. నా ఐడియా ఏంటంటే 32 మందినీ బాగుచేయడం మన వల్ల కాదు కాబట్టి బాగా తెలివైనోళ్ళని ముగ్గురు నలుగురిని ఏరి ప్రైవేట్ రెసిడెన్షియల్ స్కూల్లో వేస్తే వాళ్ళైనా సెటిల్ అవుతారు కదా, ఫీజు మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి కడతాం, సీరియస్‌గానే చెప్తున్నా.

తుంగభద్ర_గాలి (కర్నూలు)

అక్కా నేను ఎప్పుడూ ఇట్లాంటి వాటికి రాయను, నీ పోస్ట్ చూసి రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. నేను 9 ఏళ్ళు హోమ్‌లో ఉంటి. ఇప్పుడు కర్నూలు దగ్గర సోలార్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్ని.

ముందు ఒక మాట, మమ్మల్ని అందరినీ అనాథలు అనొద్దు. మా నాయన చచ్చిపోయినాడు గాని మా అమ్మ ఉంది. మాది కోసిగి వైపు, వానలు లేకపోతే ఊరు ఊరంతా గుంటూరు వైపు మిరపకాయలు తెంపను పోతారు, మూడు నెలలు ఆడనే గుడిసెలు. నేను రెండో క్లాసులో అమ్మతో పోయినా, తిరిగొచ్చేతలికి పరీక్షలు అయిపోయుండె, రెండేండ్లు ఇట్లే అయినాక బడికి పోవాలంటేనే సిగ్గు. తర్వాత గుంతకల్లు స్టేషన్లో దొరికితే 1098, అంటే పిల్లల హెల్ప్‌లైన్ వాళ్ళు పట్టుకొచ్చి హోమ్‌లో వేసినారు. తొమ్మిదేండ్ల వాణ్ణని నాలుగో క్లాసులో కూర్చోబెట్టిరి, నాకేమో నా పేరు రాయను కూడా రాదు. సార్ చెప్పినట్టు ఏడో క్లాసు దాకా నేను కూడా కళ్ళు మంటలోన్నే.

నాకు చదవడం నేర్పింది బ్యాంకులో రిటైరయిన ఒక సారు. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఆరుకి వస్తుండె, మూడేండ్లు. చాక్లెట్ కూడా ఎప్పుడూ తేలేదు, చంకలో న్యూస్ పేపర్ ఒకటి పెట్టుకొని వస్తుండె అంతే. ఆటల పేజీ తీసి క్రికెట్ వార్త చదివిస్తుండె, ధోనీ పేరు ఒక్కటి గుర్తుపడితే చాలు మిగతాది మనమే వెతుక్కుంటాం అని. ఒక శుక్రవారం జ్వరం వచ్చి రాలేకపోతే వార్డెన్ ఫోన్‌కి చేసి నాతో మాట్లాడించమని చెప్పి "ఈరోజు రాలేను రా, మంగళవారం వస్తా" అన్నాడు. నా కోసం ఎవరన్నా ఫోన్ చేసింది అదే మొదటిసారి. ఆ మంగళవారం గేటు దగ్గర ఐదు గంటల నుంచే నిలబడింటి.

అందుకే చెప్తున్నా, వస్తానన్నాక రాకుండా పోవద్దు. నెలకి ఒకసారి వస్తా అని చెప్పి వచ్చినా సరే, వారం వారం అని చెప్పి రాకపోతే మాత్రం పిల్లోళ్ళు మళ్ళీ ఎవర్నీ నమ్మరు. ఆదివారం కూడా పెట్టుకోవద్దు అక్కా. ఆదివారం తలకి పోసుకోవాల, వారం బట్టలన్నీ ఉతుక్కోవాల, అమ్మనో అవ్వనో చూడను వచ్చేది కూడా ఆ రోజే, రానోళ్ళు గేటు కాడ చూస్తానే ఉంటారు. వాళ్ళు రాలేదని మనసు బాగలేనోణ్ణి పుస్తకం తియ్యమంటే ఎట్ల తీస్తాడు. వారంలో రెండు సాయంత్రాలు, బడి నుంచి వచ్చి టిఫిన్ తిని ఆడుకున్నాక, అన్నానికి ముందు గంట, అది బాగుంటుంది.

ఇంకోటి, వచ్చినోళ్ళందరూ "మీ అమ్మానాయన ఎట్ల పోయినారు" అని అడుగుతారు. ఎన్నోసార్లు చెప్పి చెప్పి మేమొక కథ తయారుచేసుకొని అదే చెప్తుంటిమి. నువ్వు అడగొద్దు. వాళ్ళకి చెప్పాలనిపించిన రోజు వాళ్ళే చెప్తారు.

బెంగళూరన్నకి కూడా ఒక మాట. నువ్వు మంచి మనసుతో అన్నావు. మా హోమ్‌లో కూడా ఇద్దరిని ఏరుకొని తీసుకపోయిరి ఒకసారి, వాళ్ళలో ఒకడి తమ్ముడు మా దగ్గరే ఉండిపోయె. ఆ పిల్లోడు నెల రోజులు సరిగ్గా తినలేదు. పోయినోడు కూడా ఏడాది తిరగకముందే ఆ స్కూల్ నుంచి వచ్చేసినాడు, ఆడ సెలవులకి అందరూ ఇంటికి పోతే ఇతను ఒక్కడే. తెలివైనోళ్ళు అని ఎవర్ని ఏరుతావన్నా, నన్ను ఏడో క్లాసులో చూసింటే నువ్వు ఏరుకోవు.

గండికోట_దారి (కడప)

నేను పిల్లల సంరక్షణ పనుల్లో కొన్నేళ్ళు చేశాను, ఇప్పుడు మానేశాను. చదువు చెప్పే విషయం సార్ చెప్పారు, మనసు విషయం తమ్ముడు చెప్పాడు. నేను కాగితాల సంగతి చెప్తా, ఎందుకంటే ఈ పిల్లల చదువు ఆగిపోయేది ఎక్కువసార్లు తెలివి లేక కాదు, ఒక సర్టిఫికెట్ లేక.

మీ పదో క్లాసు పిల్లలతో మొదలుపెడదాం. పదో తరగతి పరీక్షలకి నామినల్ రోల్స్ అని బడి నుంచి ఆన్‌లైన్‌లో వివరాలు పంపుతారు, పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ. అందులో ఏముంటే అదే పదో క్లాసు మెమో మీదకి వస్తుంది, ఆ మెమో మీది తేదీయే జీవితాంతం. ఆ తర్వాత దిద్దించాలంటే చాలా తిరగాలి. కాబట్టి ఈ వారమే వార్డెన్ గారితో కూర్చుని బడి రికార్డు, ఆధార్, హోమ్ ఫైల్, మూడింట్లోనూ పేరు స్పెల్లింగ్ తేదీ ఒకటేనా అని చూడమనండి. మీరు ఆ ఫైల్ అడగొద్దు, అది రహస్యంగా ఉంచాల్సింది, ఆయన్ని చూడమని గుర్తుచేస్తే చాలు. పుట్టిన తేదీకి ఏ ఆధారమూ లేని పిల్లోడైతే జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే 2015 నాటిది, దాని 94వ సెక్షన్ ఉంది, ముందు బడి సర్టిఫికెట్ చూస్తారు, లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో వైద్య పరీక్ష చేయించి వయసు తేలుస్తారు. ఆధార్ లేని పిల్లలకి హోమ్ పెద్ద ఇచ్చే సర్టిఫికెట్‌తో కూడా ఆధార్ తీసుకోవచ్చు.

కొత్తగా వచ్చిన పిల్లోడికి పాత బడి టీసీ లేదని చేర్చుకోకపోతే విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించండి, టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదు. 14 ఏళ్ళు దాటి బడి పూర్తిగా వదిలేసినోళ్ళకి ఓపెన్ స్కూల్ ఉంది, మన రాష్ట్రంలో 14 ఏళ్ళు నిండితే పదో తరగతి నేరుగా రాయొచ్చు, ఒకేసారి అన్ని సబ్జెక్టులూ పాస్ కావాలని లేదు. అయితే చదవడం రాని పిల్లోణ్ణి "ఓపెన్‌లో పెట్టేద్దాం" అని వదిలించుకోవడానికి మాత్రం అది వాడొద్దు, ఈ మాట కోపంతోనే రాస్తున్నా.

18 నిండాక ఏంది అన్నారు కదా. రోడ్డు మీద వదిలేయాలని చట్టంలో ఎక్కడా లేదు. పైన చెప్పిన జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 46వ సెక్షన్, ఆఫ్టర్ కేర్ అంటారు, 18 నిండి హోమ్ వదిలే పిల్లలకి 21 దాకా సాయం, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా పొడిగించొచ్చు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం 2022 మార్గదర్శకాల్లో దీనికి నెలకి 4,000 రూపాయలు పెట్టారు. చదువుకో, పని నేర్చుకోవడానికో, ఉండటానికో వాడుకోవచ్చు. కానీ ఇది పుట్టినరోజు మరుసటి రోజు దానంతటది వచ్చేది కాదు, 17 ఏళ్ళప్పుడే ఆ పిల్లోడి వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో ఏం చదవబోతున్నాడు అని రాయాలి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి పోవాలి, కమిటీలో ఆమోదం కావాలి. ప్రతి పిల్లోడికీ ఆ ప్రణాళిక ఉండాలి, చాలా ఫైళ్ళలో చదువు కాలమ్‌లో "బాగా చదువుతున్నాడు" అని ఒక్క ముక్క ఉంటుంది. మీరు వారం వారం చూసేది, వీడికి లెక్కలు బాగొచ్చు, వీడు వైర్లు విప్పి బిగిస్తాడు, ఇట్లాంటివి వార్డెన్‌కీ అక్కడి కౌన్సెలర్‌కీ చెప్తే ఆ కాలమ్‌లో నిజం పడుతుంది.

పదో క్లాసు తర్వాత దారులు కూడా ఇప్పుడే మాట్లాడండి. ఐటీఐ ఉంది, పాలిటెక్నిక్‌కి పాలీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, మార్కులు బాగా వస్తే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది, అక్కడ సీటు పదో తరగతి మార్కుల మీదే, ఆరేళ్ళు హాస్టల్ కూడా అక్కడే కాబట్టి ఇట్లాంటి పిల్లోడికి చదువుతో పాటు నీడ దొరికినట్టే. డిప్లొమా, ఇంజనీరింగ్‌లో చేరిన అనాథ పిల్లలకి ఏఐసీటీఈ, అంటే సాంకేతిక విద్య చూసే కేంద్ర సంస్థ, స్వనాథ్ స్కాలర్‌షిప్ అని ఏడాదికి 50,000 ఇస్తారు, తల్లిదండ్రులిద్దరూ లేనివాళ్ళు ఉంటే అది గుర్తుపెట్టుకోండి.

తల్లి ఉండి పేదరికం వల్లే హోమ్‌లో ఉన్న పిల్లలైతే ఇంకో దారి ఉంది, స్పాన్సర్‌షిప్. ఇంటికే పంపి, చదువు ఆగకుండా నెలకి 4,000 ఆ కుటుంబానికి ఇస్తారు, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 లోపు, టౌన్లలో 96,000 లోపు ఉండాలి. ఒక విషయం, 2022లో జిల్లాలు విడిపోయాక కదిరి, పెనుకొండ వైపు పిల్లలు సత్యసాయి జిల్లా కిందకి పోయారు, పిల్లోడు అనంతపురం హోమ్‌లో, తల్లి ఇంకో జిల్లాలో ఉంటే కాగితాలు రెండు ఆఫీసుల మధ్య తిరుగుతాయి, ఓపిక కావాలి.

చివరగా ఫోటోలు. మీరు మామూలుగా రాశారు గానీ నాకు అక్కడే గుండె ఆగింది. పిల్లల మొహాలు, పేర్లు, బడి పేరు, హోమ్ పేరు తెలిసేలా ఎక్కడా పెట్టకండి. అది జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, 6 నెలల దాకా జైలు గానీ 2 లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ. చట్టం పక్కన పెట్టినా, రేపు ఆ పిల్లోడు పెళ్ళి చేసుకునేటప్పుడు మీ కేకు ఫోటో వాని ముందుకు రాకూడదు కదా. ఇప్పటిదాకా పెట్టినవి తీసేయండి. ఇంకా రోజూ పోయేటట్టయితే హోమ్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పి, పోలీస్ వెరిఫికేషన్ ఇవ్వండి, నలుగురికీ కనపడే వరండాలోనే కూర్చోండి, ఏ పిల్లోణ్ణీ విడిగా బయటికి తీసుకపోవద్దు. మీ మీద అనుమానంతో కాదు, ప్రతి ఒక్కరికీ ఒకే నియమం ఉంటేనే పిల్లలు భద్రంగా ఉంటారు.

బెంగళూరు_కడపోడు

కర్నూలు తమ్ముడూ, నేను ఆ కోణంలో ఆలోచించలేదు, క్షమించు. ఆ డబ్బులు వేరే ఎట్ల వాడాలో చెప్పండి, మా నలుగురిదీ మాట అట్లే ఉంది.

పెన్న_ఇసుక (అనంతపురం)

అందరికీ ఎట్ల థ్యాంక్స్ చెప్పాలో తెలియడంలా. ఫోటోలు ఇప్పుడే గ్రూపులో నుంచి ఫేస్‌బుక్ నుంచి తీయించేసినా, మా ఆఫీసోళ్ళకి గండికోట అన్న రాసింది అట్లే చదివి వినిపించినా, ఎవరూ ఏం మాట్లాడలేదు. బుధవారం, శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు అని వార్డెన్ సార్‌తో మాట్లాడుకున్నా, లెటర్ ఇచ్చినా.

40,000 సంగతి మళ్ళీ అడుగుతాండా. ఇంకా ఆ ఎనిమిదో క్లాసు పిల్లోడు నేను కనిపిస్తేనే బాత్రూమ్ వైపు పోతాండాడు, ఏం చేయాల? వానికి ఒక చెల్లెలు ఉందంట, ఆలూరు వైపు కస్తూర్బా స్కూల్లో ఆరో క్లాసు అంట, వార్డెన్ చెప్పినాడు.

పాత_పలక (ప్రొద్దుటూరు)

ట్యాబ్‌లు వద్దమ్మా. చదవడం రానివాడికి ట్యాబ్ ఇస్తే వీడియో చూస్తాడు, ఛార్జర్ పోతుంది, ఆర్నెల్లకి బీరువాలో ఉంటుంది. ఆ ఊళ్ళోనే డిగ్రీయో బీఈడీయో చేసి ఖాళీగా ఉన్న అమ్మాయి ఎవరన్నా ఉంటారు, నెలకి 5,000 ఇచ్చి సాయంత్రాలు గంటన్నర రమ్మనండి. ఏడు నెలలకి 35,000, మిగిలిన 5,000లో పలకలు, పెద్ద అక్షరాల కథల పుస్తకాలు. మీరు వారానికి రెండు రోజులు, ఆమె మిగతా రోజులు. బెంగళూరు వాళ్ళ డబ్బులు కూడా అదే జీతానికి కలిపితే ఏడాది రెండేళ్ళు ఆగకుండా నడుస్తుంది, మధ్యలో మనిషి మారకుండా ఉండటం ముఖ్యం. ఆమెకి కూడా వెరిఫికేషన్ అవసరమే.

జొన్నరొట్టె_టీచర్ (ఆలూరు)

చెల్లీ, నేను ఈ వైపు కస్తూర్బా విద్యాలయంలోనే పనిచేస్తున్నా, మీరు చెప్పిన పాప మా దగ్గరే ఉందో పక్క మండలంలో ఉందో ఇక్కడ అడగను, చెప్పను. మామూలుగా జరిగేది చెప్తా. మా స్కూళ్ళు ఆరో క్లాసు నుంచి ఇంటర్ దాకా, తల్లిదండ్రులు లేని ఆడపిల్లలకి, ఒక్కరే ఉన్నవాళ్ళకి, మధ్యలో బడి మానేసినోళ్ళకి ముందు సీటు. అందుకని చాలా కుటుంబాల్లో అన్న హోమ్‌లో, చెల్లెలు మా దగ్గర, అవ్వ ఊళ్ళో. సంక్రాంతికి దసరాకి కూడా ఒకరినొకరు చూసుకోని వాళ్ళున్నారు. మా పిల్లల్లో ఒకామె అన్న ఫోన్ చేస్తే ఇద్దరూ రెండు నిమిషాలు ఏం మాట్లాడరు, "తిన్నావా" "తిన్నా" అంతే, పక్కన నిలబడి ఫోన్ పట్టుకున్న నాకు ఏడుపొస్తుంది.

ఫోన్లో మాట రాదు గానీ కాగితం మీద వస్తుంది. మేము మా స్కూల్లో ఉత్తరాలు మొదలుపెట్టాం. పోస్టు కార్డు ఇంకా అర్ధరూపాయే. ఆ పిల్లోణ్ణి చదువు అనొద్దు, "మీ చెల్లికి ఏం చెప్పాల, నువ్వు చెప్పు నేను రాస్తా" అను. వాడు చెప్పిన మాటలు వాడు చెప్పినట్టే రాయి, దిద్దొద్దు, "సంగటి తిన్న" అంటే అట్లే రాయి. తర్వాత అది వానితో చదివించు, వాని మాటలే కాబట్టి తప్పకుండా చదువుతాడు, తర్వాత కింద వాని చేత్తో చూసి రాయమను. దస్తూరి ముత్యాల్లా ఉందన్నావు కదా. ఉత్తరం వార్డెన్ ద్వారా స్కూల్ స్పెషలాఫీసర్, అంటే స్కూల్ హెడ్ పేరుకి పంపాలి, నేరుగా పాప పేరుకి కాదు. మా దగ్గర ఉత్తరం వచ్చిన రోజు ఆ పిల్ల దాన్ని కనీసం పదిసార్లు చదువుతుంది, జవాబు రాస్తే ఆ జవాబు చదవడానికి మీ వాడికి చదవడం కావాలి. అంతకన్నా పెద్ద అవసరం ఏ పాఠ్యపుస్తకంలో పుడుతుంది చెప్పు.

తుంగభద్ర_గాలి (కర్నూలు)

పేర్ల సంగతి గండికోట అన్న చెప్పింది నిజం. నా మెమోలో ఇంటిపేరు ముందర, ఆధార్‌లో ఇంటిపేరే లేదు. ఐటీఐ అయినాక అప్రెంటిస్ వచ్చింటే ఆ ఒక్క దానికి ఏడాది పోయింది, ఆ ఏడాది హోటల్లో గ్లాసులు కడిగినా. నాకు 18 నిండింది ఐటీఐ రెండో సంవత్సరం డిసెంబర్లో, వార్డెన్ మేడమ్ కమిటీ వాళ్ళతో మాట్లాడి పరీక్షలు అయ్యేదాకా ఉంచింది, లేకుంటే అప్పుడే మానేసుండేవాణ్ణి. మీ పదో క్లాసోళ్ళ పుట్టినరోజులు ఏ నెలలో పడతాయో ఇప్పుడే చూడక్కా, సరిగ్గా పరీక్షల ముందర పడితే ముందే అడిగి పెట్టుకోవాల.

పెన్న_ఇసుక (అనంతపురం)

మూడు వారాలయింది, జరిగింది చెప్తాండా. ఊళ్ళో బీఈడీ చేసిన అమ్మాయి దొరికింది, సోమవారం నుంచి వస్తాంది. సార్ చెప్పినట్టు కాగితం పెట్టి చూస్తే ఒత్తుల దగ్గరే 5 మంది ఆగినారు, ఒకడికి కన్నడ గడగడా వస్తుంది, హొసకోట దగ్గర మూడో క్లాసు చదివినాడంట, ఇన్ని రోజులూ వాన్ని అందరూ మొద్దోడు అనుకున్నారు. పదో క్లాసు వాళ్ళలో ఒకని పుట్టిన తేదీ బడిలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉండాది, వార్డెన్ సార్ ఆ పనిమీదే తిరుగుతాండాడు. వాడు 18 దాటేది ఇంటర్ రెండో సంవత్సరం ఫిబ్రవరిలో, అది కూడా రాసి పెట్టుకున్నాం.

ఎనిమిదో క్లాసు వాడు మొదటి బుధవారం రాలేదు. శనివారం వచ్చి దూరంగా కూర్చున్నాడు. రెండో బుధవారం కార్డు చూపించి మీ చెల్లికి ఏం రాద్దాం అంటే చాలాసేపు గమ్మునుండి, "మా హోమ్‌లో కుక్క పిల్లలు పెట్టింది అని రాయక్కా" అన్నాడు. రాసినా. ఇంకా ఏం అంటే "నాలుగు, ఒకటి నల్లది, నల్లది నాది" అన్నాడు. చదవమంటే చదివినాడు, వేలు మాట మీదనే ఉండాది. "కుక్క" కింద ఒత్తు రాసేటప్పుడు రెండుసార్లు నన్ను చూసినాడు, నేను ఏం చెప్పలేదు, తప్పే రాసినాడు, అట్లే పోస్టు చేసినాం.

కర్నూలు తమ్ముడూ, దసరా సెలవుల్లో ఒకరోజు వీలయితే వచ్చి ఆ పదో క్లాసు ఇద్దరితో ఐటీఐ గురించి మాట్లాడతావా? వార్డెన్ సార్‌ని అడిగినా, రమ్మన్నాడు.

తుంగభద్ర_గాలి (కర్నూలు)

వస్తానక్కా. డ్యూటీ చార్ట్ వచ్చినాక తేదీ చెప్తా, కచ్చితంగా తెలిసేదాకా పిల్లోళ్ళకి మాత్రం చెప్పొద్దు.